పంటి నొప్పి అని చెప్పాం

జూన్ 3

అక్కా,

నీ తమ్ముడు గొంతు సవరించుకుని రాస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా మైకులో అరుస్తున్న గొంతు కాగితం దగ్గరికి వచ్చేసరికి పిల్లికూన అయిపోతుంది, ఏం చెయ్యను. ఇంట్లో అందరం కులాసా. నీ మరదలు కుట్టుమిషను ముందు నుంచి లేవడం లేదు, మూతిగుడ్డలు కుట్టమని జనం ఎగబడుతున్నారు. బడి మూసేశారు కాబట్టి పాప రోజంతా నా బండిలోనే, హారన్ల కింద కూర్చుని ఎక్కాలు చదువుకుంటోంది. ఏడేళ్ళు నిండకుండానే పదమూడో ఎక్కం వచ్చేసింది, మన పోలిక కాదులే.

అసలు సంగతి వేరు. పోయిన నెల మునిసిపల్ ఆఫీసువాళ్ళు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. "మన ఊళ్ళో గొంతు జ్వరం లేదు, పుకార్లు నమ్మవద్దు, మార్కెట్టు ఎప్పటిలాగే నడుచును" అని. దేశాలన్నీ చుట్టి వస్తున్న జ్వరం మన ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతుందా అని అడగాల్సింది. అడగలేదు. ఇచ్చింది చదవడమే కదా నా పని. మూడో వీధిలో చదువుతూ ఉండగా ఎదురుగా శవం వచ్చింది. దాని వెనక సందులోంచి ఇంకొకటి. పైన మేడ మీది ఆవిడ బకెట్టుడు మురికినీళ్ళు నా నెత్తిన కుమ్మరించింది. తప్పిపోయిన పిల్లలు, పోయిన తాళాలు, కుళాయి వచ్చే వేళలు, చావులు, అన్నీ నా నోట విన్న ఊరు అక్కా ఇది. ఆ రోజు నుంచి నేను కనిపిస్తే కిటికీలు మూసుకున్నారు.

అందుకే ఒట్టు పెట్టుకున్నాను, నాకు తెలియనిది ఇక చెప్పనని. ఇప్పుడు జ్వరం రాకుండా సూదులు వేసేవాళ్ళు వస్తున్నారట, ప్రకటన చెప్పమన్నారు. మా అక్క జవాబు వచ్చేదాకా నోరు తెరవనన్నాను.

నా బండి తోలే బ్రేకు నీకు తెలుసుగా, ప్రతి మలుపులోనూ బండి ఆపి "ఇక్కడ చెప్పన్నా" అనే మనిషి. పదకొండేళ్ళు నాతోనే ఉన్నాడు. వాడి పెద్దమ్మాయి మన పాప పక్క బెంచీ, చిన్నదానికి నాలుగేళ్ళు. వాడేమంటాడంటే, "నాకు ఆఫీసొద్దు, డాక్టరొద్దు అన్నా. మీ పాపకి వేయిస్తే నా పిల్లలిద్దరికీ వేయిస్తా. నువ్వు వేయించకపోతే నేనూ వేయించను. అంతే." నెత్తిన అంత బరువు పెట్టి హాయిగా బీడీ వెలిగించుకున్నాడు.

కాబట్టి ఉన్నదున్నట్టు రాయి.

నీ మైకు తమ్ముడు

జూన్ 9

మైకుగారికి స్టోరక్క జవాబు.

మురికినీళ్ళు పోసినావిడ మంచిపని చేసింది. చేతికిచ్చిందల్లా చదివేవాడికి స్నానం అవసరమే.

సరే, విను. పద్దెనిమిదేళ్ళు వార్డుల్లో నర్సుగా తిరిగి, మోకాళ్ళు అరిగాక ఈ ఆసుపత్రి మందుల స్టోరుకి, దీని ఐసుగదికి వచ్చి పడ్డాను. మన రెండు జిల్లాలకూ వెళ్ళే సూదిమందు అంతా నా గది లోంచే వెళ్తుంది. ఈ మందుకి వేడి పడదు. గోడకు రెండు థర్మామీటర్లు ఉంటాయి, రోజుకి మూడుసార్లు చూసి పుస్తకంలో రాయాలి. ఎర్రగీత దాటిందా, ఆ పెట్టె మొత్తం పారెయ్యాలి.

పోయిన గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. ఒక పెట్టెలో వేడి గీత దాటి రెండు డిగ్రీలు ఎక్కింది. నాలుగు వందల మందికి సరిపోయే మందు అది. పెద్ద డాక్టరుగారు, "రెండు డిగ్రీలకి ఏమవుతుందమ్మా, పంపించు" అన్నారు. నేను ససేమిరా అన్నాను. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవరణలో గొయ్యి తీయించి, సున్నం పోయించి, చెడిన పెట్టెను నా కళ్ళముందే పూడ్పించాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఇదే.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నేనిక్కడ ఉన్నంతకాలం చెడిన చుక్క గడప దాటదు. మీ ఊరికి వచ్చేది నేను చూసి పంపినదే. కళ్ళు మూసుకుని వేయించుకోండి. రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడుతుంది, భుజం వాస్తుంది. నాకూ అయింది. నాలుగో రోజున నేను గదిలో పెట్టెలు మోస్తున్నాను.

పిల్లల వార్డు నా గదికి ఎదురుగానే ఉంది. సూది పడని పిల్లలకి గొంతులో తెల్లటి పొర కమ్ముతుంది, ఊపిరి కోసం మెడ వెనక్కి విరుస్తారు. ఇంకా రాయను. పాపకి ముద్దులు. బ్రేకుతో చెప్పు, మా అక్క వేయించుకోమందని.

అక్క

జూన్ 17

అక్కా,

తిట్టకుండా చదువు.

నీ ఉత్తరం వస్తే టీకొట్టు దగ్గర చదవడం మనకు అలవాటే కదా. నీ మోకాళ్ళ సంగతి కూడా ఊరందరికీ తెలుసు. ఈసారి అందరూ నీ జవాబు కోసమే కాచుక్కూర్చున్నారు, బెంచీలు చాలక నిలబడ్డారు. మైకు లేకపోయినా నా గొంతు నీకు తెలుసుగా. ఖంగుమని చదివాను. కరెంటు పోయిన దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారు. డాక్టరు "పంపించు" అన్న దగ్గర టీకొట్టాయన గ్లాసు బల్లమీద ఠపీమని కొట్టి, "చూశారా! చెడిపోయిన మందు మనకి అంటగట్టమన్నాడు, విన్నారా!" అన్నాడు. అంతే. ఆ తర్వాత నేను చదివింది నాకే వినపడలేదు. మిగతా సగం చదివేసరికి బెంచీలు ఖాళీ.

సాయంత్రానికి నాలుగు వందల మందు కాస్తా నాలుగు వేలయింది. మర్నాటికి దాన్ని పూడ్చిన మనిషి కూడా చచ్చిపోయాడు. నేను వీధివీధికీ వెళ్ళి, అది కాదు, అక్క చెప్పింది వేరు అంటే, "స్టోరక్క నీ సొంత అక్క కాబట్టి నిజం చెప్పింది, నువ్వెందుకయ్యా దాస్తావ్?" అంటున్నారు. నేను చదివిందాన్ని నేనే కాదంటే నమ్మేదెవరు?

సూదులవాళ్ళు వచ్చారు. ఊరు మొత్తానికి పదకొండు మంది వేయించుకున్నారు, అందులో ఆరుగురు ఆఫీసువాళ్ళే. వెళ్ళేటప్పుడు జీపు మీద రాళ్ళు పడ్డాయి. నేను ఆ రోజు బండి తీయలేదు. ఒంట్లో బాగాలేదన్నాను.

ఇంకో మాట. ఊళ్ళో ఇప్పుడు కిరసనాయిలు గుడ్డ మెడకు చుట్టుకుంటున్నారు, జ్వరం రాదని. ఆ గుడ్డలమ్మే అతను ప్రకటన చెప్పమన్నాడు, చెప్పాను. జ్వరం తగ్గుతుందని నేను అనలేదు. ఫలానా చోట దొరుకును అన్నానంతే. బతకాలి కదా.

నిజంగా అడుగుతున్నాను, కోప్పడకు. ప్రతి పెట్టే నువ్వే చూస్తావా? నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు?

తమ్ముడు

జూన్ 21

ఒరేయ్,

నేను భోజనం ఆ గదిలోనే చేస్తాను. థర్మామీటరు ఎదురుగా కూర్చుని.

నీ మీద పట్టరాని కోపంగా ఉంది. నీకు రాసిన ఉత్తరం టీకొట్టుకి రాసింది కాదు. చెడిన మందు పారేశానంటే, మిగతాది మంచిదని అర్థంరా! ఇంట్లో కుళ్ళిన కూరగాయ ఏరి పారేస్తే మిగతా కూర తినడం మానేస్తామా? పదకొండు మంది! నాలుగు వందలు పారేసినప్పుడు కూడా ఇంత బాధపడలేదు నేను. "దొరుకును అన్నానంతే" అని రాయడానికి చెయ్యెలా వచ్చింది? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నీకు ఊరంతా లోకువైపోయింది.

ఇంతవరకూ తిట్లు. ఇప్పుడు బతిమాలుతున్నాను.

నిన్న పిల్లల వార్డులో నలుగురు పోయారు. ఒక పిల్ల మన పాపంతే ఉంది, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి.  ఊరి గొడవ నీకూ నాకూ తర్వాత. ముందు పాపని తీసుకురా. బస్సులు తగ్గించారు కానీ రోజుకి ఒకటి నడుస్తోంది, బుధవారం దానికి రా. ఊళ్ళో వాళ్ళు ఏమంటారోనని నీ భయం నాకు తెలుసు, నీ చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఎవరికీ చెప్పొద్దు. పంటి నొప్పి అని చెప్పు. పన్ను పీకించడానికి మా ఆసుపత్రికి తెస్తున్నానను. వెనక గేటు దగ్గర నేనుంటాను. నా చేత్తో నేనే వేస్తాను. చొక్కా చెయ్యి కిందికి దించుకుంటే ఎవరికి తెలుస్తుంది?

మీ ఇద్దరూ కూడా వేయించుకోండి.

రా. ఇంకేం రాయను.

అక్క

జూలై 1

అక్కా,

క్షేమంగా చేరాం. పాపకి ఒక పూట ఒళ్ళు వెచ్చబడింది, రెండో రోజుకి గెంతుతోంది. నువ్విచ్చిన రంగు పెన్సిళ్ళు అప్పుడే సగం అరగదీసింది. నాకైతే భుజం ఇంకా సలుపుతోంది, మైకు ఎడమ చేత్తో పట్టుకుంటున్నాను.

నీకు చెప్పాలి. బస్సు ఎక్కించడానికి మమ్మల్ని బ్రేకే తీసుకెళ్ళాడు. పాప నేర్పినట్టే బుగ్గ పట్టుకుని కూర్చుంది. వాడు దారిలో కొట్టు దగ్గర ఆపి లవంగం కొని, "ఇది నొప్పి పంటి కింద పెట్టుకో తల్లీ" అని, తన జేబురుమాలు మడిచి దాని బుగ్గకీ తలకీ కలిపి కట్టాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. తిరిగొచ్చిన రోజు కూడా వాడే వచ్చాడు. "పీకారా?" అన్నాడు. పీకారన్నాను. బండి మలుపు తిరిగాక బ్రేకు వేసి అడిగాడు. "అన్నా, అక్కడిదాకా వెళ్ళావు కదా, పాపకి ఆ సూది వేయించావా?"

లేదన్నాను.

ఏం చెయ్యమంటావు అక్కా, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడితో చెబితే టీకొట్టులో చెప్పినట్టే. ఆఫీసువాళ్ళ దగ్గర డబ్బు తిన్నానంటారు, రాళ్ళు ఈసారి మా తలుపు మీద పడతాయి. "మరి మా పిల్లల సంగతేంటన్నా?" అన్నాడు. కొన్నాళ్ళు చూద్దాం, తొందరేముంది అన్నాను. "నువ్వు చూద్దామంటే చూద్దాం" అని గేరు వేశాడు. ఊళ్ళో వేడి చల్లారగానే వాడికి నిజం చెప్పి పిల్లలిద్దర్నీ నీ దగ్గరికి పంపిస్తాను. నేనే తీసుకొస్తాను. అది నా బాధ్యత.

ఇప్పటిదాకా మన ఊళ్ళో పిల్లలకి ఎవరికీ రాలేదు. పెద్దవాళ్ళతోనే పోయేటట్టుంది.

తమ్ముడు

జూలై 5

తమ్ముడూ,

పాప రూపం కళ్ళముందే ఉంది. సూది గుచ్చినప్పుడు ఏడవకుండా పదమూడో ఎక్కం అప్పజెప్పింది చూడు, వార్డు నర్సులందరూ ఇంకా చెప్పుకుంటున్నారు. మొన్న మీరు బస్సెక్కాక ఆ మూడు సూదుల సంగతి పుస్తకంలో ఏమని రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. రాశాను. నేను పుస్తకంలో అబద్ధం రాయను.

నీ ఉత్తరం ఇంకా రాలేదు. పోస్టాఫీసులో ఉత్తరాలన్నిటికీ మందుపొగ పట్టించి పంపుతున్నారు, వారాలు పడుతోంది. అయినా నువ్వు వెనక గేటు దగ్గర వెళ్తూ వెళ్తూ, "బ్రేకుతో చెప్పి వాడి పిల్లల్ని కూడా పంపిస్తా" అన్నావుగా. ఈపాటికి చెప్పే ఉంటావు. వాడేమన్నాడు? నేను డాక్టరుగారితో గొడవపడి వాడి పిల్లలిద్దరికీ మోతాదులు విడిగా పెట్టించాను, పదిహేనో తేదీ వరకు ఉంచుతానన్నారు. ఆలోపు పంపు. రోజూ బస్సు వేళకి గేటు దాకా వెళ్ళొస్తున్నాను.

వాళ్ళకి దిగడానికి చోటు లేదని మొహమాటపడొద్దని చెప్పు. నా గదిలో పడుకుంటారు.

అక్క

జూలై 20

అక్కా,

నీ అయిదో తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. పదిహేను దాటిపోయింది.

బ్రేకు పెద్దమ్మాయి పోయింది.

పన్నెండున జ్వరం వచ్చింది. మెడకి కిరసనాయిలు గుడ్డ చుట్టారు. నేను "దొరుకును" అన్న కొట్టు లోంచి కొన్నదే. పధ్నాలుగున ఊపిరి ఆడక మెడ వెనక్కి విరుస్తోందని వాడొచ్చి చెప్పాడు. నువ్వు రాసిన మాటే అక్షరాలా. అప్పుడైనా చెప్పి ఉంటే బండేసుకుని మీ ఆసుపత్రికి పోయేవాళ్ళమా?  డాక్టరు కోసం పరిగెత్తాను, ఎవరూ దొరకలేదు.

వాళ్ళింట్లోకి ఎవరినీ రానివ్వలేదు. మా పాప నాకు చెప్పకుండా గోడ దూకి వెళ్ళింది. మంచం మీద దాని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుందట. బ్రేకు కాళ్ళ దగ్గర వేడినీళ్ళ గిన్నె పట్టుకుని ఉన్నాడు. "వెళ్ళిపో తల్లీ, నీకూ అంటుకుంటుంది" అన్నాడట. ఇది ఏమందంటే, "నాకేం కాదు మావయ్యా, అత్త సూది వేసిందిగా. దీనికీ వేస్తుందిలే."

వాడు గిన్నె కింద పెట్టి, పాప చెయ్యి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.  దాని ముందు గొంతుకూర్చుని, "నోరు తెరువమ్మా" అన్నాడు. తెరిచింది. వేలితో ఒక్కొక్క పన్నూ చూశాడు. అన్నీ ఉన్నాయి. లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఏడు గంటలకి వాడి కూతురు పోయింది. ఊళ్ళో చావు ఏదైనా నేనే చెబుతాను. ఇది నన్ను చెప్పమని ఎవరూ అడగలేదు.

నువ్వు రావద్దు. నేను ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియడం లేదు. పంటి నొప్పి అనమన్నది నువ్వే కదా అక్కా. ఎందుకన్నావు?

జూలై 26

తమ్ముడూ,

అన్నాను. నేనే అన్నాను. నీ ప్రశ్నకి జవాబు ఇంకెవరి దగ్గరా లేదు.

ఆ వాక్యం రాసేటప్పుడు నేను నర్సుని కాదు, స్టోరక్కని కాదు. మా ఇంటి పిల్ల బతికితే చాలు అనుకున్న మనిషిని. నీకు అబద్ధం నేర్పాను, నువ్వు దాన్ని బాగా చెప్పావు. మనిద్దరం కలిసి ఆ పిల్ల నోటి దగ్గర గాలి లాగేశాం. ఎవరు ఎంత అని పంచుకోవడం నాకు చేతకాదు.

పదిహేను దాకా గేటు దగ్గర నిలబడి, వాళ్ళు రాలేదేమని విసుక్కున్నాను కూడా. బ్రేకుకి లెక్కలేదనుకున్నాను. నీ ఒకటో తేదీ ఉత్తరం ఇరవై రెండున చేరింది, పొగ పట్టించడం మానేశాక ఇరవయ్యోది నిన్న వచ్చింది. "లేదన్నాను" అన్న మాట ముందుగా చదివి ఉంటే నడిచైనా వచ్చేదాన్ని.

డాక్టరుగారికి అంతా చెప్పాను. వెనక గేటు సంగతి కూడా. నా మీద విచారణ వేస్తారట, వెయ్యనీ. అయితే ఒకటి అడిగి ఒప్పించుకున్నాను. ఆగస్టు మూడున సూదుల జీపు మీ ఊరికి వస్తుంది, అందులో నేనొస్తున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు ఇంట్లో గెలిచి రచ్చకి దాచిపెట్టావు. ఇప్పుడు రచ్చకెక్కి చెప్పు. పాపకి వేయించానని, దాచానని, ఆ పిల్ల ఎందుకు పోయిందో అదీ. రాళ్ళు వేస్తే వేయించుకో. వాడింట్లో ఇంకా చిన్నది ఉంది. నాలుగేళ్ళు. అది గుర్తుపెట్టుకో, మిగతావన్నీ మర్చిపో.

అక్క

జూలై 31

అక్కా,

చెప్పాను.

నిన్న పొద్దున్నే బ్రేకు ఇంటికి వెళ్ళాను, బండి తాళం ఇమ్మని. నేనొక్కడినే తోలుకుందామని. వాడు చొక్కా వేసుకుని బయటికి వచ్చి బండెక్కి కూర్చున్నాడు. "మైకు పెట్టు" అన్నాడు.  ప్రతి మలుపు దగ్గరా ఆపాడు. "ఇక్కడ చెప్పన్నా" అనలేదు, ఆపి ముందుకి చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పాను.

"ఊరి ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, నా కూతురికి, నా భార్యకి, నాకు మా అక్క సూది వేసింది. మాకేమీ కాలేదు. మీకు చెప్పకుండా దాచాను. నన్ను అడిగిన మనిషికి లేదని అబద్ధం చెప్పాను. అతని పెద్ద కూతురు జ్వరంతో పోయింది." ఆ ముక్క నేను ఇరవై ఆరు చోట్ల చెప్పాను, ఆ పిల్ల తండ్రి నాకు ముందు సీట్లో ఉండగా. వాళ్ళ వీధిలో కూడా ఆపాడు. గుమ్మంలో వాడి భార్య నిలబడి ఉంది. అక్కడ మైకు కిందికి దించేశాను. వాడు వెనక్కి తిరిగి చూశాడు. చెప్పాను.

జనం ఏమన్నారో వింటావా? కొందరు ఏడ్చారు. కొందరు ఉమ్మేశారు, అది నాకు హాయిగానే ఉంది. కానీ సాయంత్రానికి కొత్త మాట పుట్టింది. "చూశారా, మంచి పెట్టె వాళ్ళింటికి, పారేసే పెట్టె మనకి. అందుకే దొంగచాటుగా వేయించుకున్నారు." నిజం చెప్పినా అది ఇంకో పుకారై కూర్చుంది. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కరూ అడ్డు ప్రశ్న వెయ్యలేదు.

మూడున వస్తామని అరవై డెబ్బై మంది అన్నారు. బ్రేకు ఏం చేస్తాడో నాకు తెలియదు. దిగేటప్పుడు తాళం నా చేతిలో పెట్టి వెళ్ళాడు. రేపటి నుంచి రానని దాని అర్థం.

నేను మూడున అక్కడ నిలబడను. నా మొహం చూసి వెనక్కి పోయేవాళ్ళే ఎక్కువ. పై వీధుల్లో నడిచి తిరుగుతూ చేతి మైకుతో పిలుస్తాను.

తమ్ముడు

ఆగస్టు 5

తమ్ముడూ,

నువ్వు ఇంటికి చేరేలోపే జీపు బయల్దేరింది, నిన్ను చూడకుండానే వచ్చేశాను. ఎదురుగా చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నూట నలుగురికి వేశాం. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. మురికినీళ్ళు పోసినావిడ అందరికంటే ముందొచ్చింది, ఆవిడ అవునో కాదో గానీ నేను అవుననే అనుకున్నాను.

బ్రేకు వచ్చాడు. పదకొండింటికి, చిన్నదాన్ని భుజాన వేసుకుని. వరసలో తొమ్మిదో మనిషి. దాని చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడిచి ఉంది, వాళ్ళమ్మ మడిచి పంపినట్టుంది. నా ముందు వరకూ వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఏదో అనబోయాను, వాడు వద్దన్నట్టు చెయ్యి చూపించాడు.

"మీ మేనకోడలికి వేసింది ఇదేనామ్మా?"

"ఇదే మందు."

"ఆ పెట్టెలోదేనా?"

అవుననాల్సిందిరా. ఒక్క మాట. ఆ పెట్టె జూన్‌లోనే అయిపోయింది, ఇది కొత్తది, ఇంకా మంచిది. "మందు అదే, పెట్టె వేరు" అన్నాను. ఇన్నేళ్ళుగా పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసిన చెయ్యి, నోరు కూడా అలాగే తిరిగింది. నీకు అబద్ధం నేర్పడానికి అడ్డురాని నిజాయితీ అక్కడ అడ్డొచ్చింది.

"పెట్టె వేరు" అని వాడు తనలో తాను అనుకున్నాడు. నేను థర్మామీటరు చూపించాను, పుస్తకం తీశాను, వరసలో అందరూ చూస్తుండగా చేతులు జోడించాను. చాలా మర్యాదగా అన్నాడు. "మీరు అబద్ధం చెప్పరమ్మా, నాకు తెలుసు. మీ తమ్ముడి గురించి కూడా నాకు అలాగే తెలుసు."

పిల్లని భుజం మార్చుకుని వెళ్ళిపోయాడు. అది వాడి భుజం మీంచి మమ్మల్నే చూస్తూ ఉంది. జీపు కదిలేదాకా, సాయంత్రం అయిదు వరకు, నేను ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను.

ఇరవై ఎనిమిదిన మళ్ళీ జీపు వస్తుంది, నన్ను పంపిస్తారో లేదో తెలియదు. ఎవరొచ్చినా ఆ పిల్లకి పడాలి. నువ్వు వాడింటికి వెళ్ళు. మాట్లాడొద్దు, నీ మాటలు చాలు. తలుపు తియ్యకపోతే బయట నిలబడు. కొడితే కొట్టించుకో.

అక్క

ఆగస్టు 17

అక్కా,

వెళ్తున్నాను, రోజూ. తలుపు తియ్యలేదు. వాళ్ళ ఇంటి ఎదురుగా వీధికుళాయి ఉంది, దాని పక్కన నిలబడతాను. నీళ్ళకొచ్చేవాళ్ళు మొదట్లో గుసగుసలాడేవాళ్ళు, ఇప్పుడు బిందె పక్కకి జరుపుకుంటారంతే. వాడు పొద్దున్నే బొగ్గులబండి తోలడానికి వెళ్తూ నా ముందు నుంచే పోతాడు. తల తిప్పడు.

ఆ వీధిలో ఇంకా ముగ్గురు పిల్లలు జ్వరంతో మంచం పట్టారు.

చిన్నది లోపలే ఉంటుంది, బయటికి రానివ్వరు. గొంతు మాత్రం వినపడుతుంది. నిన్న వినపడలేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. కుళాయి గట్టు మీద కూలబడ్డాను. పదకొండింటికి వాళ్ళమ్మ బిందెతో వచ్చింది. నా వైపు చూడకుండా, నీళ్ళు పడుతూ, "నిద్రపోతోంది" అంది. ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఇరవై ఎనిమిదికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఇవాళ వినిపించింది. దువ్వెన గట్టిగా లాగిందని వాళ్ళమ్మని తిడుతోంది. రేపు మళ్ళీ వెళ్తాను.

తమ్ముడు